రెండు గదుల కాటేజ్‌కి 4 లక్షల పౌండ్లు ఎందుకు?

మేం ఉండేది ఇంగ్లండ్‌లోని స్విండన్‌లో. ఒకప్పటి రైల్వే వర్క్‌షాపుల ఊరు, ఇప్పుడు ఆఫీసులు, గోడౌన్లు, లెక్కలేనన్ని రౌండ్‌అబౌట్లు, అంతకు మించి చూపించడానికేం లేదు. ఇక్కడ రెండున్నర లక్షల పౌండ్ల చిల్లరకి మూడు బెడ్‌రూముల ఇల్లు దొరుకుతుంది. పైపు గ్యాసు ఉంటుంది, బస్సు ఉంటుంది, గంటలో లండన్ చేర్చే రైలు ఉంటుంది, పిల్లలు నడిచి వెళ్లే దూరంలో స్కూలు ఉంటుంది. ఉత్తరానికి అరగంట కారు నడిపితే కాట్స్‌వోల్డ్స్ పల్లెలు మొదలవుతాయి. అక్కడ రెండు గదుల ఇల్లు, తల వంచితే గానీ దాటలేని గుమ్మం, గ్యాసు లేదు, బస్సు రోజుకి రెండు ట్రిప్పులు, ధర 4 లక్షలు.

మా నాన్న వచ్చినప్పుడు అక్కడి బైబరీ అనే ఊరికి తీసుకెళ్లాను. ఊరంతా తిరిగి, చేతులు వెనక్కి కట్టుకుని, "ఇది పల్లెటూరెలా అవుతుందిరా, ఒక్క గేదె లేదు" అన్నారు. తర్వాత ధర చెప్పాను. "మనూళ్లో పెంకుటిళ్లకి తాళాలేసి అందరూ టౌన్‌కి పోతుంటే, వీళ్లు టౌన్ నుంచి పల్లెకొచ్చి ఇంత పోస్తున్నారా, ఎందుకు?" అని అడిగారు. టూరిస్టులు ఎక్కువ నాన్నా, అందుకే అన్నాను. ఆ జవాబు సగం కూడా నిజం కాదని తర్వాత అర్థమైంది, మా స్నేహితుడొకడు అలాంటి ఊళ్లో అద్దెకి దిగి ఏడాదిన్నర ఉన్నాక.

బైబరీలో అందరూ ఫోటోలు తీసుకునే ఇళ్ల వరసని ఆర్లింగ్టన్ రో అంటారు. 1380 ప్రాంతంలో మఠం వాళ్లు ఉన్ని దాచుకోవడానికి కట్టుకున్న కొట్టు అది. 17వ శతాబ్దంలో గదులుగా విడగొట్టి నేతగాళ్లకి ఇచ్చారు. ఇప్పుడు పాత కట్టడాల్ని కాపాడే నేషనల్ ట్రస్ట్ అనే సంస్థ చేతిలో ఉంది. చుట్టుపక్కల ఊళ్లలోవీ అంతే, చాలావరకు కూలీల ఇళ్లు, గొర్రెల కాపరుల ఇళ్లు. వాటి మీద మోజు కొత్తదేం కాదు, 1930లో హెన్రీ ఫోర్డ్ చెడ్‌వర్త్ అనే ఊళ్లో ఒక రాతి ఇల్లు కొని, ఊడదీసి, రాళ్లన్నీ ఓడలో అమెరికా తరలించి అక్కడ మళ్లీ కట్టించుకున్నాడు. కానీ ఫోర్డ్‌కి మోజున్నంత మాత్రాన పక్కింటి కూలీకి ఇల్లు దొరక్కుండా పోలేదు కదా. మరి ఎప్పుడు పోయింది? రాయి అదే, గుమ్మం ఎత్తు అదే. ఇంటి చుట్టూ ఉన్న చట్టం మారింది.

అది 1947 నాటి టౌన్ అండ్ కంట్రీ ప్లానింగ్ చట్టం. అంతకు ముందు పొలం ఉన్నవాడు అందులో ఇల్లు కట్టుకోవచ్చు, దాదాపు అడిగేవాడు లేడు. రెండు ప్రపంచ యుద్ధాల మధ్య బస్సులూ కార్లూ పెరిగేసరికి ఊరి నుంచి ఊరికి రోడ్డు పొడవునా రెండు పక్కలా ఇళ్లు లేచాయి. అది చూసి బెంగపడ్డ వాళ్లు 1926లోనే పల్లె సీమని కాపాడాలని ఒక సంఘం పెట్టుకున్నారు, ఇప్పటికీ సీపీఆర్ఈ పేరుతో అది గట్టిగానే ఉంది. 1947 చట్టం ఒక్క దెబ్బతో రెండు హక్కుల్ని విడదీసింది. భూమి నీది, సాగు చేసుకో, అమ్ముకో, కానీ దాని మీద కట్టే హక్కు నీది కాదు, అది కౌన్సిల్, అంటే ఇక్కడి స్థానిక సంస్థ, ఇస్తేనే వస్తుంది. మన దగ్గర పొలాన్ని నాన్-అగ్రికల్చర్ చేయించి వెంచర్ వేసినట్టే అనుకునేరు, అంత సులువు కాదు. ఇక్కడ ఫీజు కట్టినంత మాత్రాన అనుమతి రాదు. అధికారులు చూస్తారు, ఊరివాళ్లు అభ్యంతరాలు రాస్తారు, కౌన్సిలర్లు ఓటేస్తారు, కాదంటే అప్పీలు.

దీని వల్ల పుట్టిన తేడా ఎంతంటే, 2015 నాటి ప్రభుత్వ అంచనాల్లోనే సాగు భూమికీ, ఇళ్లు కట్టే అనుమతి ఉన్న భూమికీ మధ్య ధర దాదాపు 100 రెట్లు తేడా ఉంది. అదే మట్టి, అదే గడ్డి. మధ్యలో ఉన్నది ఒక కాగితం.

ఈ కాగితం పల్లెల్లో ఇంకా అరుదు. ఊళ్ల పొలిమేరలు దాటి పట్టణం పాకకుండా గీసిన గ్రీన్ బెల్టులు ఇంగ్లండ్ నేలలో ఎనిమిదో వంతు దాకా ఉన్నాయి. అవి కాక 10 నేషనల్ పార్కులు. అవీ కాక ప్రకృతి అందం పేరిట రక్షణ ఉన్న ప్రాంతాలు, 2023 నుంచి వీటిని నేషనల్ ల్యాండ్‌స్కేప్స్ అంటున్నారు. వాటన్నిటిలోకీ పెద్దది కాట్స్‌వోల్డ్స్, 1966లో ప్రకటించారు, 2,000 చదరపు కిలోమీటర్ల పైన. దాని లోపల మళ్లీ కన్జర్వేషన్ ఏరియాలు, అంటే ఊరి నడిబొడ్డు రూపురేఖల్నే కాపాడే గీతలు. ఆ గీతల లోపల లిస్టెడ్ ఇళ్లు, అంటే చారిత్రక కట్టడాల జాబితాకెక్కినవి, వాటిలో కిటికీ చెక్క మార్చాలన్నా అనుమతి కావాలి. ఒక దాని మీద ఒకటి ఇన్ని పొరలు వేశాక కొత్త ఇల్లు మొలవాలంటే ఎక్కడ మొలుస్తుంది?

నా స్నేహితుడున్న ఊళ్లో ఒకసారి కరెంటు స్తంభానికి ప్లాస్టిక్ కవర్లో పెట్టి కట్టిన కాగితం చూశాను. చర్చి వెనక గడ్డినేలలో 12 ఇళ్లు కడతామని ఎవరో దరఖాస్తు పెట్టారు, అభ్యంతరాలుంటే 21 రోజుల్లో చెప్పాలి. పబ్‌లో ఆ వారం వేరే మాట లేదు. ట్రాఫిక్ పెరుగుతుందన్నారు, మురుగు కాలవ సరిపోదన్నారు, గబ్బిలాలు ఉన్నాయన్నారు. ఇవన్నీ సాకులని కొట్టిపారేయను, ఒకే బండి పట్టే దారుల్లో 25 కార్లు చేరితే నిజంగానే ఇబ్బంది. కానీ ఎవరూ పైకి అనని మాట ఇంకోటి ఉంది. 4 లక్షలు పోసి కొన్నవాడు వంటింటి కిటికీలోంచి కనిపించే ఆ గడ్డినేలకి కూడా డబ్బులిచ్చాడు. అది తన పేరున లేదు, రిజిస్టర్ కాలేదు, అయినా ధరలో ఉంది. పక్కన ఇంకో ఇల్లు లేవదనే భరోసానే ఇక్కడ అమ్ముడుపోతోంది, రాతి గోడలు దాంతో పాటు వస్తాయి. ఆ భరోసా పోతే తన ఆస్తి విలువ పోతుంది కాబట్టి, కొన్న ప్రతివాడూ మర్నాటి నుంచే కాపలాదారు అవుతాడు. ఇందులో దుర్మార్గం ఏం లేదు, నేను కొన్నా అదే చేస్తానేమో.

ఇక కొనేదెవరు? లండన్లో ఇల్లమ్మి రిటైరైనవాళ్లు ఒక రకం. ఆక్స్‌ఫర్డ్‌కో, లండన్‌కో రోజూ కారులోనో రైల్లోనో పోయొచ్చేవాళ్లు రెండో రకం. శనాదివారాలకి ఒకటి కావాలనేవాళ్లు మూడో రకం. 2020లో కోవిడ్ వచ్చి ఇంటి నుంచే పని మొదలయ్యేసరికి రెండో రకం వాళ్లు ఒక్కసారిగా ఎగబడ్డారు, అదే సంవత్సరం జూలైలో ప్రభుత్వం 5 లక్షల పౌండ్ల దాకా స్టాంప్ డ్యూటీ ఎత్తేసింది, మంటలో నెయ్యి పోసినట్టే అయింది.

వీళ్లకి ఎదురుగా ఊళ్లో పని చేసేవాళ్ల లెక్క చూడండి. పబ్‌లో వంట చేసే మనిషి, ముసలివాళ్లని చూసుకునే కేరర్, పొలంలో ట్రాక్టర్ నడిపే కుర్రాడు. 2025 ఏప్రిల్‌లో కనీస వేతనం గంటకి 12.21 పౌండ్లు చేశారు. వారానికి 37.5 గంటలు, ఏడాదంతా చేస్తే 23,800 పౌండ్లు. బ్యాంకు మామూలుగా ఇచ్చే అప్పు జీతానికి నాలుగున్నర రెట్లు, అంటే 1,07,000. మొగుడూ పెళ్లాం ఇద్దరూ ఇదే జీతం మీద ఉన్నా 2,14,000. ఆ 4 లక్షల కాటేజ్‌కి మిగతా 1,86,000 చేతిలో రొక్కం ఉండాలి. అమ్మానాన్నలకి ఊళ్లో ఇల్లుంటే అమ్మి ఇస్తారేమో, లేకపోతే ఇంతే సంగతులు. దేశం మొత్తం మీద చూసినా 1997లో ఇంటి ధర ఏడాది జీతానికి మూడున్నర రెట్లు, 2024లో దాదాపు ఏడున్నర రెట్లు. పల్లెలో ఇల్లు ఖరీదు ఎక్కువ, పల్లెలోనే దొరికే పనికి జీతం తక్కువ, రెండు వైపుల నుంచీ దెబ్బే.

అద్దెకి ఉండొచ్చు కదా అంటారా. ఒకప్పుడు చాలా ఊళ్లలో చివరన కౌన్సిల్ కట్టించిన ఇళ్లు కొన్ని ఉండేవి, అద్దె తక్కువ, ఊళ్లో పుట్టినవాళ్లు అందులో బతికేవాళ్లు. 1980లో థాచర్ ప్రభుత్వం ఆ ఇళ్లని అందులో అద్దెకున్నవాళ్లకే 33 నుంచి 50 శాతం తగ్గించి అమ్మే హక్కు తెచ్చింది. కొన్నవాళ్లకి అదృష్టం పండినట్టే, కాదనను. కానీ వాళ్లు మళ్లీ అమ్మినప్పుడు ఆ ఇల్లు బజారు ధరకి పోయింది. పట్టణంలో నూరు ఇళ్లలో ఇరవై పోతే ఇంకా ఎనభై ఉంటాయి. ఊళ్లో ఉన్నవే ఎనిమిదైతే, ఆరు పోయాక మిగిలేవెన్ని? కొన్ని రక్షిత ప్రాంతాల్లో మళ్లీ అమ్మేటప్పుడు మూడేళ్లు ఆ చుట్టుపక్కల ఉన్నవాళ్లకో, పని చేసినవాళ్లకో అమ్మాలనే షరతు పెట్టే వీలు చట్టంలో ఉంది, అది ఉన్న ఇళ్లు కాస్త తక్కువకి దొరుకుతాయి.

ప్రైవేటు అద్దె ఇళ్లని మింగేసింది మాత్రం పన్నుల లెక్క. ఇది కొంచెం మెలికగా ఉంటుంది, ఓపిక పట్టండి. మామూలుగా కుటుంబానికి అద్దెకిచ్చే యజమాని, ఇంటి అప్పు మీద కట్టే వడ్డీని ఆదాయంలోంచి పూర్తిగా తీసేసుకునే సౌకర్యాన్ని 2017 నుంచి 2020 మధ్య మెల్లమెల్లగా పోగొట్టుకున్నాడు. అదే ఇంటిని వారాల లెక్కన టూరిస్టులకి ఇస్తే ఆ సౌకర్యం 2025 ఏప్రిల్ దాకా అలాగే ఉంది. పైగా హాలిడే లెట్‌గా, అంటే టూరిస్టులకి అద్దెకిచ్చే ఇల్లుగా, నమోదు చేసుకుంటే కౌన్సిల్ ట్యాక్స్ అనే ఇంటి పన్ను పోయి వ్యాపార పన్ను కిందికి వస్తుంది, చిన్న వ్యాపారం అయితే దాని మీద కూడా పూర్తి మినహాయింపు, అంటే రెండూ లేవు. 2023 ఏప్రిల్‌లో ఏడాదికి కనీసం 70 రోజులైనా నిజంగా అద్దెకి పోయి ఉండాలని నిబంధన తెచ్చారు. కుటుంబానికి ఇస్తే పన్ను ఎక్కువ, బాయిలర్ చెడితే ఫోన్లు, ఖాళీ చేయమంటే తలనొప్పి. టూరిస్టులకి ఇస్తే వేసవిలో వారం అద్దె కుటుంబమిచ్చే నెల అద్దెకి సమానం. యజమాని స్థానంలో మీరుంటే ఏం చేస్తారు?

ఆ ఊళ్లో నవంబరు సాయంత్రం నడిస్తే ఈ లెక్క కళ్లకి కనిపిస్తుంది. తలుపు పక్కన గోడకి అగ్గిపెట్టెకంటే కాస్త పెద్దగా, నంబర్ల తాళం ఉన్న చిన్న ఇనప డబ్బా ఉంటుంది. వచ్చే అతిథులకి తాళంచెవి అందులో పెడతారు. ఆ వీధిలో 14 ఇళ్లుంటే డబ్బాలు ఆరు లెక్కపెట్టాను. ఆరింట్లోనూ దీపం లేదు.

ఇప్పుడు లోపలి సంగతి. ఇంత ధర పెట్టిన ఇంట్లో బతుకు ఎలా ఉంటుందంటే, స్విండన్‌లో నా ఇంటి కన్నా కష్టంగా ఉంటుంది. పల్లెల్లో చాలాచోట్ల గ్యాసు పైపు లేదు. పెరట్లో వెయ్యి లీటర్ల ఆకుపచ్చ ప్లాస్టిక్ ట్యాంకు, అందులో కిరసనాయిలు, దాంతో బాయిలర్ నడుస్తుంది. అవును, కిరసనాయిలే. "రేషన్లో ఇచ్చేదా?" అని మా నాన్న ఆ ట్యాంకు మీద తట్టి మరీ అడిగారు. మొదటి చలికాలం మా వాడికి, అదే ఆ స్నేహితుడికి, దీని సంగతి తెలియదు. జనవరిలో ఒక శుక్రవారం రాత్రి హీటింగ్ ఆగిపోయింది, చూస్తే ట్యాంకు అడుగంటింది. ఫోన్ చేస్తే 500 లీటర్లకి తక్కువ తేము, అదీ పది రోజుల తర్వాతే అన్నారు. నాకు ఫోన్ చేసి, "రేయ్, మీ ఇంట్లో హీటర్లు ఎన్నున్నాయో అన్నీ కార్లో వేసుకుని రా" అన్నాడు. వెళ్లేసరికి ముగ్గురూ కోట్లేసుకుని వంటింట్లో ఓవెన్ తలుపు తెరిచి దాని ముందు కూర్చున్నారు. ఆయిలు వచ్చాక కూడా బాయిలర్ అంటుకోలేదు, పైపులో గాలి చేరిందట, దాన్ని తీయడానికి మెకానిక్ ఇంకో రెండు రోజులు. గ్యాసుకీ కరెంటుకీ ప్రభుత్వం పెట్టిన ధర పరిమితి ఈ ఆయిలుకి వర్తించదు. 2022 ఫిబ్రవరిలో ఉక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక, మార్చిలో లీటరు పౌండు దాటింది.

గోడలు రెండడుగుల మందం రాయి, మధ్యలో ఖాళీ ఉండదు కాబట్టి గోడ లోపల ఇన్సులేషన్ నింపే వీలు లేదు. ఇల్లు లిస్టెడ్ కాబట్టి కిటికీలకి ఒంటి అద్దమే, తెల్లారి లేచేసరికి లోపలి వైపు నీళ్లు కారుతూ ఉంటాయి. బీరువా గోడకి ఆనించి పెడితే నెలలో వెనక బూజు పట్టింది, పట్టుచీరలు రెండు పాడయ్యాయని వాళ్లావిడ ఇప్పటికీ అంటుంది. మురుగు సెప్టిక్ ట్యాంకులోకి, అది మనకి కొత్త కాదు లెండి.

బస్సు కథ వేరు. 1985 చట్టంతో లండన్ బయట బస్సుల్ని ప్రైవేటు కంపెనీలకి వదిలేశారు, లాభం వచ్చే దారిలో వాళ్లు నడుపుతారు, రాని దారిలో కౌన్సిల్ డబ్బిస్తేనే. 2010 తర్వాత కౌన్సిళ్లకి నిధులు కోసేసరికి మొదట పోయినవి ఇవే. రైలు అంతకు ముందే పోయింది, 1963లో నష్టాల రైలు దారులు మూసేయమన్న బీచింగ్ నివేదిక తర్వాత ఊళ్ల స్టేషన్లు వేల సంఖ్యలో మూతపడ్డాయి. కాబట్టి ఇద్దరు ఉద్యోగస్తులుంటే రెండు కార్లు. స్కూలుకి డబ్బు పిల్లల తలలెన్ని ఉంటే అంత, పిల్లలున్న కుటుంబాలు ఊరు వదిలితే స్కూలు సన్నబడుతుంది, స్కూలు మూస్తారనే భయంతో ఇంకో కుటుంబం వెళ్లిపోతుంది.

మరి ఎవరూ ఏం చేయలేదా అంటే చేశారు. కార్న్‌వాల్‌లో సెయింట్ ఐవ్స్ అనే సముద్రపు ఊరు 2016 మేలో ఓటింగ్ పెట్టుకుంది, కొత్తగా కట్టే ఇల్లు ఏదైనా అందులో ఏడాదంతా ఉండేవాళ్లకే అని. 83 శాతం మంది ఔనన్నారు, కోర్టుకెళ్లినా నిలబడింది. చదివినప్పుడు భలే అనిపించింది. జరిగింది ఏంటంటే, సెకండ్ హోమ్ కావాలనేవాళ్లు కొత్త ఇళ్లు వదిలేసి పాతవాటి మీద పడ్డారు, వాటి ధర ఇంకా పెరిగింది. ఎక్కువ ధర పెట్టే కొనుగోలుదారు లేడని బిల్డర్లు ఆ ఊరు మానేసి పక్కకి పోయారు, కట్టే ఇళ్లే తగ్గాయి. అయినా 2022లో యార్క్‌షైర్ తీరంలో విట్‌బీ జనం 93 శాతం పైన అలాంటి దానికే ఓటేశారు, ఆ కోపం అర్థం చేసుకోదగ్గదే.

పన్ను వైపు నుంచి కూడా పట్టు బిగించారు. 4 లక్షల ఇంటికి ఉండటానికి కొనేవాడు 10,000 పౌండ్ల స్టాంప్ డ్యూటీ కడితే, రెండో ఇల్లుగా కొనేవాడు ఇప్పుడు 30,000 కట్టాలి. 2025 ఏప్రిల్ నుంచి కౌన్సిళ్లు సెకండ్ హోమ్ మీద కౌన్సిల్ ట్యాక్స్‌ని రెట్టింపు చేసుకోవచ్చు. మధ్యతరగతి కొనుగోలుదారు దీంతో ఆగుతాడు, వారాంతానికి హెలికాప్టర్లో దిగేవాడు ఆగడు.

నాకు పనికొచ్చేదిగా కనిపించింది చిన్నది, పెద్దగా పేపర్లలో రానిది. రూరల్ ఎక్సెప్షన్ సైట్ అంటారు. ఊరి గీత బయట, మామూలుగా అనుమతి రాని పొలంలో, స్థానికులకి తక్కువ అద్దెకిచ్చే ఇళ్లకి మాత్రం అనుమతి ఇస్తారు. వాటికి తప్ప దేనికీ రాదని తెలుసు కాబట్టి భూమి యజమాని వంద రెట్లు ఆశపడడు, సాగు ధరకి కొన్ని రెట్లు వస్తే చాలనుకుంటాడు. అంటే అనుమతి కాగితం వల్ల పెరిగే విలువ ఎవరి జేబులోకీ పోకుండా ఇంటి అద్దెలో తగ్గింపుగా మిగులుతుంది. ఇబ్బందేంటంటే ఇవి ఆరో ఎనిమిదో ఇళ్లు, ఒక్కోదానికి ఏళ్ల తరబడి మీటింగులు, భూమి ఇచ్చే రైతు మనసు మార్చుకుంటే అంతే.

2024 డిసెంబరులో కొత్త ప్రభుత్వం ఐదేళ్లలో 15 లక్షల ఇళ్లని చెప్పి కౌన్సిళ్లకి తప్పనిసరి లెక్కలు మళ్లీ పెట్టింది. కాట్స్‌వోల్డ్ జిల్లాకి ఏడాది లక్ష్యం రెట్టింపు అయింది. జిల్లాలో 80 శాతం నేల రక్షిత ప్రాంతం, కాబట్టి ఆ ఇళ్ల భారమంతా మిగిలిన 20 శాతం మీద పడుతుంది, అందమైన ఊళ్లు అలాగే ఉంటాయి. లెక్క ప్రకారం ఇళ్లు లేచినా, కేరర్‌కి కావలసిన ఊళ్లో మాత్రం లేవవు.

చర్చి వెనక 12 ఇళ్ల దరఖాస్తు తిరస్కరించారు. మా వాడి ఇంటికి రెండు నెలల నోటీసు వచ్చింది, అప్పటి చట్టం ప్రకారం కారణం చెప్పక్కర్లేదు, కానీ యజమాని మంచివాడే, ఫోన్ చేసి హాలిడే లెట్ చేద్దామనుకుంటున్నానని చెప్పాడు. ఇప్పుడు వాళ్లు స్విండన్‌లో మా వెనక వీధిలోనే ఉన్నారు. పక్కింటి ముసలావిడని చూసుకునే కేరర్ కూడా స్విండన్ నుంచే వెళ్తుంది, పొద్దున ఆరున్నరకి బయల్దేరి.

మొన్న వాళ్లావిడ బుకింగ్ యాప్‌లో ఆ ఇల్లు కనిపించిందని ఫోన్ పట్టుకొచ్చింది. గోడలకి కొత్త రంగు, బీరువా ఉన్న చోట ఏదో ఎండు లావెండర్ గుత్తి, పెరట్లో ఆయిల్ ట్యాంకు కనపడకుండా తడిక కట్టారు. మూడు రాత్రులకి 640 పౌండ్లు. ఫోటో పెద్దది చేసి చూపించింది, హాల్లో మా వాడు డ్రిల్లింగ్ మెషిన్ నా దగ్గర అడిగి తీసుకెళ్లి బిగించిన కర్టెన్ రాడ్డు ఇంకా అలాగే ఉంది, ఒక పక్కకి కాస్త వంగి.